రెండేళ్లు తక్కువ

పదిహేడో భాగం

పోయినవారం మనం పాల్ సారును నగరి రైల్వే స్టేషన్ ఎదుట సుబ్బులమ్మ టీ అంగట్లో, చేతిలో గ్లాసుతో వదిలేసి వచ్చాం. ఆ టీ ఇంకా చల్లారలేదు. మనకు వారం గడిచింది కానీ ఆయనకు గడిచింది రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాల్లో ఆయన నవీన్‌కు మళ్లీ ఫోన్ చేశాడు. మళ్లీ స్విచాఫ్ అనే వచ్చింది.

నవీన్ పొద్దున్నే తండ్రి శాంతయ్యతో కలిసి చెన్నై రైలెక్కాడు. శాంతయ్య నగరి మునిసిపాలిటీలో చెత్తబండి తోస్తాడు. పాల్ సారు ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టరుగా పనిచేసి రిటైరైనవాడు, నవీన్‌కు ఆరో తరగతి నుంచి ఫుట్‌బాల్ నేర్పినవాడు. ఇవాళ చెన్నైలో డ్రాఫ్టు. ఇరవై ఏళ్లలోపు కుర్రాళ్ల పేర్లన్నీ ఒక జాబితాగా పెడతారు. లీగులోని జట్లు వంతులవారీగా తమకు కావలసినవాళ్లను ఎంచుకుంటాయి. కిందటి సీజన్లో ఎవరు అట్టడుగున ఉంటే వాళ్లది మొదటి వంతు. రెండేళ్లుగా ఆ అడుగు వదలకుండా పట్టుకున్న జట్టు కడల్ ఎఫ్.సి. ఆ జట్టే నవీన్‌ను రెండుసార్లు పిలిపించుకుని ఆడించి చూసింది.

చెన్నై జట్టుకు నగరిలో అభిమానులేమిటని అడిగేవాళ్లు నగరిని మ్యాపులో చూసినవాళ్లే కానీ ఇక్కడి బస్టాండులో నిలబడినవాళ్లు కాదు. ఇక్కడి లుంగీలు పోయేది అటే, మనుషులు పోయేదీ అటే. పైగా కడల్‌లో పదేళ్లుగా ఆడుతున్న మోహన్ ఈ ఊరివాడు. వాడికీ ఆట నేర్పింది పాల్ సారే.

అంగట్లో జట్టును ఎలా బాగుచెయ్యాలన్న యుద్ధం జోరుగా నడుస్తోంది. అభిమానుల సంఘానికి అధ్యక్షుడు జయచంద్ర. ఎనిమిది మరమగ్గాలున్నాయి. మోహన్‌కు స్వయానా మేనమామ. ఈ రెండో సంగతి రోజుకు నాలుగుసార్లయినా చెప్పకపోతే ఆయనకు అన్నం అరగదు. ఆయనకు ఎదురుపక్షం మునిశేఖర్, మగ్గాల మేస్త్రీ. లీగులోని ఆటగాళ్లందరి పుట్టిన తేదీలూ నోటికి చెప్పగలడు. తన పెళ్లిరోజు మాత్రం ఏటా మరిచిపోయి తిట్లు తింటాడు.

"మోహన్‌ను పెట్టుకోని వాని చుట్టూ జట్టు కట్టాల," అన్నాడు జయచంద్ర. "ఆ కొత్త కోచ్ ఏమంటాడు, నాలుగు సీజన్లు ఓపిక పట్టండి అంటాడు. నాలుగు సీజన్లకు మనం ఉండేది ఎవరు, పోయేది ఎవరు?"

"పాత పడుగు మీద ఎన్నాళ్లని నేస్తావన్నా?" అన్నాడు మునిశేఖర్. "పడుగే చివికిపోయినప్పుడు కొత్త పడుగు ఎక్కించాల్సిందే. పిల్లోళ్లను తీసుకోవాల. నేర్పేవాణ్ని నమ్మాల. అన్ని జట్లూ అట్లనే బాగుపడినాయి."

"మోహన్ చివికిపోయినాడా? ఇరవై ఎనిమిదేండ్లప్పా వానికి!"

"తేదీతో సహా చెప్తా, వాని వయసు నాకు తెలీదా? ఇరవై ఎనిమిదేండ్లోడు డెబ్బయ్యో నిమిషానికే నడుం పట్టుకోని నిలబడితే ఏమనాల?"

"అది వాని స్టైలు!"

అంగడంతా నవ్వింది. సుబ్బులమ్మ పాలగిన్నె దించుతూ కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వనివాడు పాల్ సారొక్కడే. ఎవరిదైనా వయసు మాట వచ్చినప్పుడల్లా ఆయన గ్లాసులోకి చూడటం ఎవరూ ఎప్పుడూ గమనించలేదు.

"సార్, మీరు చెప్పండి. ఇద్దరూ మీ చేతికింద పెరిగినోళ్లే," అన్నాడు జయచంద్ర.

"ఇద్దరూ ఉంటే బాగుంటాదప్పా," అన్నాడు పాల్ సారు. "నవీన్ పరిగెత్తేదానికి, మోహన్ చూసి బంతి ఇచ్చేదానికి."

ఆ మాట నిజంగా ఆయన ప్రాణంలోంచి వచ్చింది. ఒకే పచ్చికమీద తన శిష్యులిద్దరూ, ఒకడు ఇస్తే ఒకడు అందుకోవడం. పెళ్లాం పోయి ఆరేళ్లయిన మనిషి, పిల్లలు లేని మనిషి, ప్రార్థనలో దేవుణ్ని అడిగేది ఈ మధ్య అదొక్కటే.

అప్పుడు జయచంద్ర ఫోన్ మోగింది. చెన్నైలో ఆయన నేయించే లుంగీలు కొనే బట్టలంగడి ఆసామి. డ్రాఫ్టు జరిగే హాలు బయటే నిలబడి ఫలితం చెప్తానన్నాడు. జయచంద్ర స్పీకర్ పెట్టాడు. అవతల ఒకటే గోల, బండ్ల హారన్లు. ఆ గోలలోంచి ఆసామి గొంతు చించుకుని తమిళంలో అరిచాడు.

"నగరి పయ్యన్ పేర్ ఎడుత్తుట్టాంగప్పా!"

అంతే. లైను కట్టయింది.

"నగరి పిల్లోని పేరు తీసుకున్నారు!" జయచంద్ర బెంచీమీదికి ఎక్కాడు. "మనోణ్ని తీసుకున్నారు! మొదటి వంతులోనే!"

మొదటి వంతని ఫోనులో ఎవరూ చెప్పలేదు. అది ఆయన సొంతంగా కలిపాడు. అయినా పట్టించుకునేదెవరు? ఎవరో టపాసులకు పరిగెత్తారు, ఎవరో పలకలవాళ్లను పిలిచారు. తన వాదమే గెలిచిందన్నట్టు మునిశేఖర్ చేతులు పైకెత్తి, ఎదురుపక్షాన్ని కావలించుకున్నాడు. పాల్ సారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్లీ తీశాడు.

సుబ్బులమ్మ మాత్రం పొయ్యి దగ్గర కదలకుండా నిలబడింది. ఆమె పుట్టిల్లు తిరుత్తణి. పదహారేళ్లు వచ్చేదాకా తెలుగు మాట నోటరాలేదు.

"అన్నా, ఆయప్ప చెప్పింది తీసుకున్నారనా, తీసేసినారనా?" అంది. "ఎడుత్తుట్టాంగ అంటే రెండూ వస్తాది. మా పక్క రెంటికీ ఒకటే మాట."

"నువ్వు గమ్మునుండమ్మా సుబ్బులూ! సంతోషంగా ఉంటే నీకొచ్చే కడుపునొప్పి ఏంది?"

ఆమె పాలగిన్నె వైపు తిరిగింది. కానీ ఆ మాట పాల్ సారు చెవిన పడింది. అప్పటిదాకా గుండెల్లో కొట్టుకున్న సంతోషం ఒక్కసారిగా జావకారిపోయింది. ఆయన మళ్లీ ఫోన్ తీసి నవీన్ నంబరు నొక్కాడు. స్విచాఫ్. మొదటి వంతులో తీసుకున్న పిల్లవాడు ఫోన్ ఎందుకు కట్టేసుకుంటాడని తనను తాను అడిగి, చార్జింగ్ అయిపోయి ఉంటుందని తనకు తానే చెప్పుకున్నాడు.

నాలుగున్నరకు పాసింజరు వచ్చేసరికి స్టేషన్ బయట సగం ఊరుంది. నేసిన కడల్ జెండా ఇద్దరు చెరో కొస పట్టుకున్నారు. పలకలు మోగుతున్నాయి. జయచంద్ర చేతిలో చామంతి దండ.

ముందు శాంతయ్య వచ్చాడు, చంకలో కాగితాల కవరుతో. నవీన్ పది అడుగులు వెనక నడుస్తున్నాడు. తండ్రీ కొడుకులు అలా ఎడంగా నడవడం పాల్ సారు ఎప్పుడూ చూడలేదు. జయచంద్ర ఎదురెళ్లి నవీన్ మెడలో దండ వేశాడు.

నవీన్ దండవైపు చూసుకున్నాడు. "ఎందుకన్నా ఇది?"

"ఎందుకేందిరా! తీసుకున్నారు కదా నిన్ను! ఎడుత్తుట్టాంగ అని ఫోన్ వస్తే!"

"పేరు తీసేసినారన్నా," అన్నాడు నవీన్.

దగ్గరున్నవాళ్లకు మాత్రమే వినిపించింది. ఆ మాట వినబడని పలకలవాడు ఒకడు కాసేపు కొడుతూనే ఉన్నాడు. ఎవరో వెళ్లి కొట్టేవాడి చెయ్యి పట్టుకున్నారు. నవీన్ దండ తీసి ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు. సుబ్బులమ్మ వచ్చి తీసుకుంది.

"ఏం జరిగిందప్పా శాంతయ్యా?" అన్నాడు మునిశేఖర్.

శాంతయ్య కవరులోంచి ఒక కాగితం తీశాడు. లామినేషన్ చేయించిన పాత కాగితం. దాన్ని రెండు చేతులతో పట్టుకుని, అందరికీ చూపించాల్సిన బాధ్యత ఉన్నట్టు చూపించాడు.

"పొద్దున కాయితాలు చూసినారన్నా. స్కూలు సర్టిఫికెట్ ఇస్తిమి. ఆధార్ ఇస్తిమి. పిల్లోడు పుట్టినదానికి ఇంకేమన్నా సాక్ష్యం ఉండాదా అని ఆ కాయితాలు చూసే మేడం అడిగింది. ఉండాదమ్మా అని దీన్ని తీసిచ్చినా. బాప్తిస్మం కాయితం. అయ్యగారి సంతకం ఉండాది, చర్చి ముద్ర ఉండాది. దీనికి మించిన సాక్ష్యం యాడుంటాది అనుకున్నా. మాసిపోకూడదని పోయినవారమే ఈ ప్లాస్టిక్కు వేయించినా."

మునిశేఖర్ కాగితం అందుకుని చదివాడు. చదువుతుండగానే ఆయన పెదవులు ఆగిపోయాయి. బాప్తిస్మం రెండు వేల ఐదు, ఈస్టర్ ఆదివారం. పుట్టినది రెండు వేల నాలుగు, నవంబరు. నవీన్ స్కూలు తేదీ ఆయనకు నోటికి వచ్చు. రెండు వేల ఆరు, నవంబరు పదిహేను.

"పుట్టకముందే బాప్తిస్మం ఎట్లిచ్చినారయ్యా అని ఆ మేడం నవ్వింది," అన్నాడు శాంతయ్య. "నేను గూడా నవ్వినా అన్నా. చర్చీవాళ్లు తప్పు రాసినారేమో అనుకున్నా. నవీన్ నవ్వలా. వాని మొగం చూసినాంక నాకు తెలిసింది, తప్పు చర్చీవాళ్లది కాదని."

"ఇప్పుడేమంటారు వాళ్లు?"

"వయసు దొంగతనమంట. అయిదేండ్లు యాడా ఆడేకి లేదంట. ఊరి టోర్నమెంటు గూడా ఆడకూడదంట."

అయిదేళ్లంటే ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. ఇరవై ఒకటి ఇరవై ఆరవుతుంది. అప్పటికి నవీన్ ఎవరికీ కావలసిన కుర్రాడు కాడు.

"ఎవరు దిద్దినారు తేదీ?" అన్నాడు జయచంద్ర. గొంతులో కోపం అప్పుడే మొదలైంది.

శాంతయ్య కాగితం వెనక్కి తీసుకుని కవరులో పెట్టుకున్నాడు. జాగ్రత్తగా, అంచులు మడత పడకుండా. "నేనే," అన్నాడు. "నేనే దిద్దించినా. ఆడ గూడా అదే చెప్పి వేలిముద్ర వేసి వచ్చినా."

జయచంద్ర నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. "కన్నబిడ్డ గొంతు కోస్తివి కదప్పా! ఏం ఆశ నీకు? ఊరి పరువు తీస్తివి!" వెనకనుంచి ఇంకెవరెవరో అందుకున్నారు. కాసేపటి ముందు ఎవరి కోసం పలకలు కొట్టించారో ఆ పిల్లవాడి తండ్రినే ఊరంతా చుట్టూ చేరి తిట్టింది. శాంతయ్య తల వంచుకుని నిలబడ్డాడు. అటు చూశాడు, ఇటు చూశాడు, రైలు పట్టాలవైపు చూశాడు. పాల్ సారు వైపు మాత్రం చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు. అందువల్లే పాల్ సారుకు అర్థమైంది, శాంతయ్యకు అంతా తెలుసని.

ఆ రోజు ఆయనకు నిన్నటిలా గుర్తుంది. ఆరో తరగతిలో చేరడానికి వచ్చిన నవీన్ తన నడుం ఎత్తు కూడా లేడు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ఉత్తకాళ్లతో బంతిని తన్నితే అది గోడకు తగిలి తిరిగి వాడి కాళ్ల దగ్గరికే వచ్చింది. క్రీడా హాస్టలుకు చిన్నపిల్లల సెలెక్షన్లు ఆ నెలలోనే. హాస్టల్లో రెండు పూటలా అన్నం, రోజూ గుడ్డు. వయసు మాత్రం రెండేళ్లు ఎక్కువైంది. డ్రిల్లు మాస్టర్లు ఆ పనిని దొంగతనం అనరు. 'దిద్దడం' అంటారు, పిల్లలకు అక్షరాలు దిద్దించినట్టు. అందరూ చేసేదే. తాను చెయ్యకపోతే ఇంకో జిల్లా మాస్టరు దిద్దిన పిల్లవాడు ఆ గుడ్డు తింటాడు. అలా అనుకునే పాల్ సారు స్కూలు రిజిస్టర్లో పుట్టిన ఏడు దగ్గర నాలుగు రాయవలసిన చోట ఆరు రాశాడు. శాంతయ్య చేత కింద వేలిముద్ర వేయించాడు. ఏం రాశారు సారూ అని అడిగే మనిషి కాదు శాంతయ్య. తరువాత ఆధార్ కూడా ఆ కాగితం చూసే వేశారు. పిల్లవాడు అన్నం తిన్నాడు, ఎదిగాడు. తాను మంచి చేశానని పాల్ సారు ఇన్నేళ్లూ నిజంగానే నమ్మాడు.

ఇప్పుడు మాట్లాడాలి. మాట్లాడాలని తెలుసు. ముప్పై ఏళ్లు సార్, సార్ అని లేచి నిలబడిన ఊరు ఇది. ఎండలో నిలబడి ఒక అమాయకుడు తనకు రావలసిన తిట్లు తింటుంటే పాల్ సారు చూస్తూ ఊరుకున్నాడు. ఎంతసేపో కాదు, ఒక నిమిషం ఉంటుందేమో. ఆ నిమిషానికి ఆయన తనను తాను ఎప్పటికీ క్షమించుకోలేకపోయాడు.

"నాయనా," అన్నాడు నవీన్. "దిద్దింది నువ్వేనా? నా పేరు యాడ రాసుండాదో చూపించు అంటే చూపించగలవా నువ్వు?"

"గమ్మునుండురా."

"ఇంట్లోవాళ్లకు తెలియకుండా బయటోళ్లు ఎవరన్నా దిద్దింటే ఒక్క ఏడాదే శిక్ష అని ఆ మేడం చెప్పింది కదా. రిజిస్టర్లో ఎవరి చేతిరాతో చూపిస్తే చాలన్నది. నువ్వు ఎందుకు నేనే అంటివి? రైలంతా అడిగినా. చెప్పవు."

"ఎట్ల చెప్పేదిరా!" శాంతయ్య గొంతు మొదటిసారి లేచింది. "అన్నం పెట్టిన చేతిని పట్టిచ్చేదా?"

నవీన్ పాల్ సారు వైపు తిరిగాడు. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది, తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. గ్రౌండులో తప్పు చేసినప్పుడు సారు ఏమంటాడోనని ఎలా చూసేవాడో అలాగే చూశాడు. తప్పు తనదే అయినట్టు.

"శాంతయ్యను ఏమీ అనొద్దండప్పా," అన్నాడు పాల్ సారు. "ఆ తేదీ దిద్దింది నేను. నా చేత్తో రాసినాను. శాంతయ్యకు చదివేకి రాదు. ఆయప్పకు ఏమీ తెలీదు."

"సార్, వద్దు సార్," శాంతయ్య వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "మీరు లేకుంటే వాడు నా మాదిరి బండి తోస్తా ఉండేవాడు."

"ఇప్పుడు ఏం తోస్తాడు శాంతయ్యా?"

పాల్ సారు ఆ పెద్ద గరుకు చేతిని రెండు చేతులతో పట్టుకుని ఏడ్చాడు. అరవై మూడేళ్ల మనిషి ఊరి మధ్యన నిలబడి, దాచుకోకుండా ఏడ్చాడు. ఇందాక తిట్టినవాళ్లు తలలు దించుకున్నారు.

"రేపు మొదటి రైలుకు నేను చెన్నై పోతాను," అన్నాడు కళ్లు తుడుచుకుని. "హెడ్‌మాస్టర్‌ను బతిమాలి ఆ రిజిస్టరు తీసుకోనే పోతాను. నా చేతిరాత చూపిస్తాను. కేసు పెడితే పెట్టుకోనీ. నవీన్‌కు ఒక్క ఏడాదితో పోతాది. వచ్చే డ్రాఫ్టుకు కాకున్నా యాడో ఒక చోట ఆడతాడు."

సుబ్బులమ్మ దండను ఒళ్లో పెట్టుకుని మెట్టుమీద కూలబడింది. జయచంద్ర కోపమంతా దిగిపోయి పాల్ సారు భుజంమీద చెయ్యి వేశాడు. "ఏదో కాలం సార్ అది. పిల్లోని మంచికే చేసినారు. నేనూ వస్తా మీతో," అన్నాడు.

మునిశేఖర్ మాత్రం కదల్లేదు. తేదీలు నోటికి వచ్చే మనిషి కదా, లోపల ఏవో తేదీలు తిప్పుతున్నట్టు నిలబడ్డాడు.

"సార్," అన్నాడు మెల్లిగా. "రిజిస్టరు వాళ్ల చేతికిస్తే నవీన్ పేజీ ఒక్కటే చూస్తారా? అన్నీ చూస్తారా?"

పాల్ సారు తన ఖాళీ చేతిలోకి చూశాడు.

జయచంద్రకు ఆ ప్రశ్న అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక భుజంమీద చెయ్యి తీయడం కూడా మరిచిపోయాడు.

"మా మోహన్ చేరింది గూడా మీ చేతిమీదనే కదా సార్," అన్నాడు. నవ్వడానికి ప్రయత్నించాడు. "వానిది దిద్దలేదు కదా? సార్... వానిది దిద్దలేదు కదా?"

పాల్ సారు ఆయన ముఖంలోకి చూశాడు. ఇక ఎవరికీ అబద్ధం చెప్పే శక్తి ఆయనలో లేదు.

"వానిది మూడేండ్లప్పా," అన్నాడు.